భయపడకు అనే ముందు: యౌవనస్తుల క్యాంపుల్లో గిద్యోను కథ

మన సంఘాల్లో యౌవనస్తుల క్యాంపులకు, లీడర్‌షిప్ ట్రైనింగులకు వెళ్ళి వచ్చిన పిల్లల్ని అక్కడేం చెప్పారని అడిగితే ఎక్కువమంది చెప్పే జవాబు ఒకటే: భయాన్ని జయించమన్నారు. కూడిక నడిపే పిల్లవాడికి మైకు ముందు భయం. వాక్యం చెప్పే అమ్మాయికి తప్పు మాట్లాడతానేమోనన్న భయం. కరపత్రాలు పంచేవాడికి ఎవరేమంటారోనన్న భయం. అన్నిటికీ మందు విశ్వాసమే. భయం విశ్వాసానికి శత్రువు కాబట్టి భయపడే లీడరు అల్పవిశ్వాసి. అతను ఉపవాసం ఉండాలి, ఇంకా ప్రార్థించాలి, ఇంకా అప్పగించుకోవాలి. ఈ వాదన ఎంత మామూలైపోయిందంటే, ఇదొక వాదన అన్న సంగతే అందరూ మర్చిపోయారు. మేము దాన్ని మళ్ళీ వాదనగా పట్టుకుని పరీక్షించదలచుకున్నాం.

ఎందుకంటే, ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఈ క్యాంపుల్లో కూర్చునే పిల్లల్లో ఎక్కువమంది మాలపల్లెల నుంచి, మాదిగ గూడేల నుంచి వచ్చినవాళ్ళు. భయం వాళ్ళకి క్యాంపులో కొత్తగా పరిచయమైన విషయం కాదు. ఏ వీధిలో చెప్పులు విప్పాలి, ఎవరు ఎదురైతే సైకిలు దిగాలి, ఏ ఇంటి ముందు గొంతు తగ్గించాలి అని భయం పాఠాలు నేర్చుకునే పెరిగారు వాళ్ళ తాతలు. ఆ మర్యాదలు కొన్ని పోయాయి, కొన్ని రూపం మార్చుకున్నాయి. అలాంటి వాడ నుంచి వచ్చిన కుర్రవాడితో నీ భయం నీ మనసులోని బలహీనత అని చెప్పడమంటే, భయపెట్టినవాణ్ణి కథలోంచి తప్పించడమే గదా.

ఈ బోధలకు ఎక్కువగా వాడే కథ గిద్యోనుది. న్యాయాధిపతుల గ్రంథం ఆరు నుంచి ఎనిమిది అధ్యాయాల వరకూ నడుస్తుంది. క్యాంపుల్లో వినబడే గిద్యోను ఎలా ఉంటాడంటే: ఒక పిరికి యువకుడు. చాటున దాక్కుని గోధుమలు దుళ్ళగొడుతుంటాడు. దేవదూత వచ్చి అతన్ని శూరుడా అని పిలుస్తాడు. తన గురించి తాను తక్కువగా అనుకునేవాడు దేవుడు చూసినట్టు తన్ను చూసుకోవడం నేర్చుకుంటాడు. మూడు వందల మందితో గెలుస్తాడు. నువ్వూ నీ గురించి అలాగే అనుకో, తమ్ముడూ. ఇది గిద్యోను కథ కాదు, సెల్ఫ్ కాన్ఫిడెన్సు పెంచుకునే పుస్తకాలకు గిద్యోను అని పేరు పెట్టడం.

మూలంలో మొదట వచ్చేది గిద్యోను మనసు కాదు, పంట. మిద్యానీయులు, అమాలేకీయులు, తూర్పు దిక్కు జనం ఏడేళ్ళపాటు కోతల కాలానికి వచ్చి పొలాల మీద పడేవారు. పైరూ మిగిలేది కాదు, పశువూ మిగిలేది కాదు. జనం కొండ బొరియల్లో, గుహల్లో తలదాచుకున్నారు. గోధుమలు తూర్పారబట్టడానికి గాలి కావాలి, కాబట్టి కళ్ళం ఎప్పుడూ మెరక మీద, ఆరుబయట ఉంటుంది. ద్రాక్షలు తొక్కే తొట్టి పల్లంలో ఉంటుంది, అక్కడ గాలి ఆడదు. అయినా గిద్యోను అక్కడ దుళ్ళగొట్టాడంటే పండించిన నాలుగు గింజలు ఇంటికి చేరాలని. కళ్ళం దగ్గరే దొర మనుషులు వచ్చి పాత బాకీ కింద గింజలు కొలుచుకుపోయిన కుటుంబాల వాళ్ళకి ఈ దృశ్యాన్ని వివరించనక్కర్లేదు. దాన్ని పిరికితనం అనడానికి ఎప్పుడూ ఎవరూ దోచుకోని ఇంట్లో పుట్టి ఉండాలి.

ఇంకో సంగతి. దూత మాటకు గిద్యోను వెంటనే పొంగిపోడు, ఎదురు ప్రశ్న వేస్తాడు. దేవుడు మాతో ఉంటే మాకు ఇదంతా ఎందుకు జరిగింది, పెద్దలు చెప్పిన ఆ అద్భుతాలన్నీ ఏమయ్యాయి అని అడుగుతాడు. మా వంశం మనష్షే గోత్రంలో అందరికంటే బలహీనమైనది, మా ఇంట్లో నేను చిన్నవాణ్ణి అంటాడు. ఇందులో మొదటిది చరిత్ర ప్రశ్న, రెండోది సామాజిక స్థితి. రెంటినీ దేవుడు తప్పు పట్టలేదు. గుర్తు అడిగితే ఇచ్చాడు. ఉన్ని పరిచి ఒకసారి తడవమన్నాడు, ఇంకోసారి ఆరమన్నాడు, రెండూ జరిగాయి. మన క్యాంపుల్లో ఇన్ని ప్రశ్నలు అడిగే కుర్రవాణ్ణి రెండో రోజే పక్కకి పిలిచి ప్రత్యేక ప్రార్థన చేస్తారు.

మేము హాజరైన ఒక క్యాంపులో ప్రశ్నల సమయంలో ఒక డిగ్రీ కుర్రవాడు లేచి, "అయ్యగారూ, నేను మా ఊళ్ళో కూడిక నడిపితే నా క్యాస్ట్ సర్టిఫికెట్ పోతుందంటున్నారు, నిజమేనా?" అని అడిగాడు. "లోకసంబంధమైనవి ఇప్పుడొద్దు నాయనా, ప్రార్థన చెయ్యి, ప్రభువు చూసుకుంటాడు" అన్నారు వాక్యోపదేశకులు. హాలంతా ఆమెన్ అంది. కుర్రవాడు కూర్చున్నాడు. ఆయన ఇవ్వాల్సిన జవాబేమిటో మనం ఇక్కడ చూద్దాం. జవాబుకి పరలోకం దాకా పోనక్కర్లేదు, రాజ్యాంగ చరిత్ర చాలు.

1950లో రాష్ట్రపతి ఇచ్చిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందూ మతం కాక వేరే మతం అవలంబించేవాడు షెడ్యూల్డు కులస్తుడు కాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సవరణ చేశారు. క్రైస్తవులకు, ముస్లింలకు చెయ్యలేదు. మన రాష్ట్రాల్లో మతం మారిన షెడ్యూల్డు కులస్తుల్ని బి.సి.-సి గ్రూపులో పెట్టి 1 శాతం ఇచ్చారు. అందుకే మన ఇళ్ళల్లో రెండు పేర్లు. స్కూలు రిజిస్టరులో ఒకటి, గుళ్ళో ఒకటి. 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ కేసులో బాప్తిస్మం, క్రమంగా చర్చికి వెళ్ళడం వంటివాటిని లెక్కలోకి తీసుకుని, ఉద్యోగం కోసం షెడ్యూల్డు కుల హోదా అడగడం రాజ్యాంగాన్ని మోసగించడమేనంది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇంకో మెట్టు ముందుకెళ్ళింది. కులం పేరుతో దూషించి కొట్టారని ఫిర్యాదు చేసిన గుంటూరు జిల్లా పాస్టరు ఒకాయన విషయంలో, ఆయన చేతిలో షెడ్యూల్డు కుల సర్టిఫికెట్ ఉన్నా సరే, ఏళ్ళ తరబడి పాస్టరుగా ఉన్నాడు గనుక అట్రాసిటీ చట్టం రక్షణ ఆయనకు వర్తించదంది.

అంటే ఆ కుర్రవాడి భయం ఊహ కాదు. కూడిక నడపడమే సాక్ష్యం అవుతుంది, సంఘంలో సాక్ష్యం కాదు, కోర్టులో సాక్ష్యం. వెనక బెంచీలో కూర్చునే విశ్వాసికి లేని ప్రమాదం ముందు నిలబడే లీడరుకుంది. ఫ్లెక్సీ మీద ఫోటో, కరపత్రం మీద "బ్రదర్" అన్న మాట, ఇవన్నీ కాగితాలే. ఈ భయానికి తహసీల్దారు ఆఫీసు అడ్రసు ఉంది. దాన్ని మనసు జబ్బుగా చూపించే బోధకులు ఆ ఉత్తర్వు పేరెత్తరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 2009లో, తర్వాత ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 2023లో దళిత క్రైస్తవులకు షెడ్యూల్డు కుల హోదా ఇవ్వాలని తీర్మానాలు చేశాయి. కేంద్రం 2022 అక్టోబరులో ఒక కమిషన్ వేసింది. యౌవనస్తుల కూడికల్లో ఈ తీర్మానాల మీద ఒక్క గంట చర్చ పెట్టిన సంఘాలు ఎన్నో వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు.

ఇక్కడొక అభ్యంతరం రావొచ్చు. చట్టం సంగతి వేరు, ఆత్మ సంగతి వేరు, రెంటినీ కలపకండి అని. మన సంఘాల పుట్టుకే ఆ అభ్యంతరానికి జవాబు. 1866లో తాళ్ళకొండపాడు మాదిగ యెర్రగుంట్ల పేరయ్య ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ చేత బాప్తిస్మం పొందాడు. తోళ్ళ వ్యాపారం చేసేవాడు, అంతకు ముందే రాజయోగ మార్గంలో నడిచినవాడు. మిషనరీ వచ్చి లేపేదాకా నిద్రపోతున్నవాడు కాడన్నమాట. క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో అచ్చువేసిన పుస్తకంలో ఈ మాదిగ గురువుల కథలు ఉన్నాయి. ఆ తొలి క్రైస్తవులకు పెట్టిన నియమాలు మూడే: ఆదివారం పనిచెయ్యొద్దు, చచ్చిన పశువు మాంసం తినొద్దు, విగ్రహాల్ని కొలవొద్దు.

పైకి ఈ మూడూ భక్తి నియమాల్లా కనబడతాయి. ఊళ్ళో వాటి అర్థం వేరు. ఆదివారం పని మానడమంటే ఆసామికి వారంలో ఒక రోజు ఎదురు చెప్పడం. చచ్చిన గొడ్డును తినకపోతే దాన్ని ఈడ్చే వెట్టి, దాంతో ముడిపడ్డ తోలు, చెప్పులు, మోట బొక్కెనల ఏర్పాటంతా కదులుతుంది. విగ్రహం దగ్గరకు పోకపోతే జాతరలో డప్పు కొట్టేవాడు ఉండడు. మూడు నియమాలూ మూడు వెట్టుల మీద దెబ్బ. ఊరు బహిష్కరించింది, కొట్టింది, పని ఇవ్వనంది. పేరయ్య, ఆయన తోటివాళ్ళూ భయపడలేదని మేము చెప్పబోవడం లేదు. భయపడకుండా ఎలా ఉంటారు? కాని వాళ్ళ భయం ఎవరి భయమో వాళ్ళకి తెలుసు. గూడెం మొత్తం ఒక్కసారిగా ఆదివారం ఇంటి దగ్గర కూర్చుంటే ఆసామి ఎంతమందిని కొడతాడు? 1876–78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని పని పెట్టిన క్లౌ, కరువు నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపాడు. తర్వాత 1878 జూలై 3న వెలుంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం పొందారు. బియ్యం కోసం మారారని నేటికీ వెక్కిరించేవాళ్ళు ఈ వరుస చూసుకుంటే మంచిది. మన యౌవనస్తుల పాఠాల్లో ఈ 2,222 ఒక ఉజ్జీవం అంకె. దాన్ని సమ్మె అంకెగా కూడా చదవాలని మేము అంటున్నాం.

ఒంగోలు కథలో మిషనరీని దేవుణ్ణి చెయ్యడం మా ఉద్దేశం కాదు. మిషన్లు చదువుతో పాటు విధేయత కూడా నేర్పాయి. కె. విల్సన్ 1982లోనే దళిత క్రైస్తవుల్ని రెండుసార్లు పరాయీకరణకు గురైనవాళ్ళన్నారు. హిందూ సమాజం నుంచి ఒకసారి, చర్చి లోపల ఇంకోసారి. ఆ రెండో పరాయీకరణలో భయం గురించిన ఈ బోధ కూడా ఒక భాగమని మేము కలుపుతున్నాం.

మళ్ళీ గిద్యోను దగ్గరకు వద్దాం. దేవుడు అతనికి చెప్పిన మొదటి పని మిద్యానీయుల మీద యుద్ధం కాదు. తన తండ్రి ఇంట్లో ఉన్న బయలు బలిపీఠాన్ని పడగొట్టడం. గిద్యోను ఆ పని చేశాడు, రాత్రిపూట చేశాడు. ఇంటివాళ్ళకీ ఊరివాళ్ళకీ భయపడి పగలు చెయ్యలేదని గ్రంథం ఏమాత్రం దాచకుండా రాస్తుంది. ఒంటరిగానూ చెయ్యలేదు, పదిమంది పనివాళ్ళని వెంటబెట్టుకు వెళ్ళాడు. భయం ఉంది, పనీ జరిగింది. భయం పూర్తిగా పోయాకే పని మొదలు పెట్టాలన్న నియమం ఈ కథలో ఎక్కడా లేదు. తెల్లారాక ఊరు ఊరంతా గుమ్మం ముందుకొచ్చి కొడుకుని బయటికి పంపు, చంపాలి అంది. అప్పుడు ఆ బలిపీఠం ఎవరిదో ఆ తండ్రి యోవాషు అడ్డంగా నిలబడ్డాడు. బయలు దేవుడైతే తన పక్షాన తనే వాదించుకుంటాడు అన్నాడు. పెద్దవాడు గుమ్మంలో నిలబడ్డాడు కాబట్టి కొడుకు బతికాడు. ఈ యోవాషు మీద ఒక్క ప్రసంగం మేము వినలేదు. యౌవనస్తుడికి ధైర్యం ఉందా లేదా అని పరీక్షించే సంఘ పెద్దలు, ఊరు గుమ్మంలోకి వచ్చిన రోజున తామెక్కడ నిలబడతారో చెప్పరు.

నిలబడ్డ సందర్భాలు మనకు లేకపోలేదు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని నరికి చంపినప్పుడు బతికినవాళ్ళు చీరాల పారిపోయి చర్చి ఆవరణలోనే తలదాచుకున్నారు. చనిపోయినవాళ్ళ పేర్లలో మోషే ఉంది, యేసు ఉంది. ఆ చీరాల శిబిరం నుంచే దళిత మహాసభ లేచింది. అదే సంవత్సరం సెప్టెంబరులో సుప్రీంకోర్టు సూసై కేసు తీర్పిచ్చింది. మద్రాసు రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే క్రైస్తవుడు సూసై, తోటి చెప్పులు కుట్టేవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చిన బంకు తనకెందుకు రాదని అడిగాడు. మతం మారాక కూడా కులం బాధ అదే తీవ్రతతో ఉందని రుజువు చెయ్యలేదు పొమ్మంది కోర్టు. కారంచేడు నెత్తురు ఆరకముందే ఇది జరిగింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో శిక్షలు వేస్తే, 2014లో హైకోర్టు అందర్నీ విడిచిపెట్టింది. భయపడకు అన్న మాట చెప్పేముందు బోధకుడు ఈ తేదీలు నోటికి నేర్చుకుని ఉండాలి.

ఆడపిల్లల మాట చెప్పకుండా ముందుకు పోలేం. యౌవనస్తుల కూడికల్లో పాటలు నడిపేది, సండే స్కూలు నడిపేది, ఇల్లిల్లూ తిరిగి పిలుచుకొచ్చేది ఎక్కువగా వాళ్ళే. లీడరు అన్న పేరు మాత్రం కుర్రవాడికి. రాత్రి ఎనిమిదిన్నరకు ఉపవాస కూడిక అయ్యాక వాడకు నడిచి రావడంలో అమ్మాయికుండే భయం విశ్వాసం ఎంతున్నా తగ్గేది కాదు. కూడిక సాయంత్రం ఐదింటికి పెడితే తగ్గుతుంది. ఈ చిన్న మార్పుకి కూడా సంఘాల్లో ఎంత వాదన జరుగుతుందో తెలిసినవాళ్ళకి తెలుసు. గిద్యోనుకి రెండు అధ్యాయాల ముందు దెబోరా ఉంది. క్యాంపులో ఆమెకు దొరికేది స్త్రీల మీటింగులో అరగంట.

ఏడో అధ్యాయంలో సైన్యాన్ని జల్లెడ పట్టడం ఉంది. ముప్పైరెండు వేలమంది వస్తే, భయపడేవాళ్ళు ఇంటికి పోవచ్చన్నప్పుడు ఇరవైరెండు వేలమంది వెళ్ళిపోయారు. దీన్ని చూపించి, చూశారా, దేవునికి పిరికివాళ్ళు అక్కర్లేదు అంటారు. వెళ్ళిపోయినవాళ్ళని ఎవరూ శపించలేదు, తిట్టలేదు. పైగా అదే రాత్రి దేవుడు గిద్యోనుతో, దిగి వెళ్ళడానికి నీకు భయమైతే నీ పనివాడు పూరాని తోడు తీసుకుని వెళ్ళి శత్రువులేమనుకుంటున్నారో విను అన్నాడు. గిద్యోను పూరాని తీసుకునే వెళ్ళాడు. అంటే ఇరవైరెండు వేలమందిని పంపేశాక కూడా నాయకుడికి ఇంకా భయమే. ఆ భయానికి తోడు ఇచ్చారు, సమాచారం ఇచ్చారు. శత్రువు గుడారంలో కూడా భయం ఉందని తెలిశాకే గిద్యోను లేచాడు. ఇది ఉద్యమాల్లో పనిచేసినవాళ్ళకి బాగా తెలిసిన సంగతి. 1956 జనవరిలో మాంట్‌గోమరీలో బస్సుల బహిష్కరణ నడుపుతున్న మార్టిన్ లూథర్ కింగ్‌కి ఇరవైయేడేళ్ళు. బెదిరింపు ఫోను వచ్చిన రాత్రి వంటింట్లో కూర్చుని, తన ధైర్యం అయిపోయిందని ప్రార్థనలో ఒప్పుకున్నానని ఆయనే రాసుకున్నాడు. కొద్ది రోజులకే ఇంటి మీద బాంబు పడింది. ఆ ప్రార్థనని బస్సుల నుంచి విడదీస్తే మిగిలేది ఒక యువ పాస్టరు నిద్రలేమి.

ఇప్పటిదాకా భయం పోగొట్టుకోవడం గురించి మాట్లాడుకున్నాం. పోయాక ఏమవుతుందన్నది బోధకులు అసలే ముట్టుకోని విషయం. భయం పోయిన గిద్యోను ఎనిమిదో అధ్యాయంలో ఉన్నాడు. అలసిన తన మనుషులకు రొట్టెలివ్వలేదని సుక్కోతు పెద్దల్ని ముళ్ళకంపతో కొట్టాడు. పెనూయేలు గోపురం పడగొట్టి ఆ ఊరి మగవాళ్ళని చంపాడు. రాజుగా ఉండమంటే ఉండనన్నాడు, కాని దోపుడు సొమ్ములోంచి తలా ఒక పోగు ఇమ్మని పదిహేడు వందల తులాల బంగారం సమకూర్చుకున్నాడు. దాంతో చేయించిన ఏఫోదు ఆయనకీ ఆయన ఇంటికీ ఉరి అయింది. తర్వాత ఆయన కొడుకు అబీమెలెకు డెబ్భైమంది అన్నదమ్ముల్ని ఒకే రాతి మీద చంపి రాజయ్యాడు.

వాడలోంచి భయపడుతూ బయల్దేరి, పెద్ద పరిచర్యలు కట్టి, ఇవాళ తమ సంఘంలో ఎవరూ లెక్క అడగడానికి సాహసించని స్థితికి చేరిన సేవకులు మనకు తెలుసు. పరిచర్య తండ్రి నుంచి కొడుక్కి ఆస్తిలా దిగుతుంది. కానుకల లెక్క అడిగిన యువకుడికి అభిషిక్తుల జోలికి పోవద్దన్న బెదిరింపు వస్తుంది. ఒకప్పుడు కరణానికి భయపడ్డ గూడెం ఇప్పుడు తన అయ్యగారికి భయపడుతోంది. భయం జయించిన సాక్ష్యాలు చెప్పేది సాధారణంగా వీళ్ళే. ఇదంతా మన శత్రువుల చేతికి ఆయుధం ఇవ్వడమే అని కొందరు మిత్రులు మమ్మల్ని మందలించారు. లెక్క అడగడం మన వాడ నుంచే మొదలైతే ఆ ఆయుధానికి పదునుండదని మా అభిప్రాయం.

మాకు దొరికిన యౌవనస్తుల పాఠ పుస్తకాలన్నిటిలో గిద్యోను పాఠం ఏడో అధ్యాయం విజయంతో ఆగిపోయింది. ఎనిమిదిలోనే ఒక యౌవనస్తుడు ఉన్నాడు, పేరు యెతెరు, గిద్యోను పెద్ద కొడుకు. పట్టుబడ్డ ఇద్దరు రాజుల్ని తండ్రి అతని ముందు నిలబెట్టి, లేచి చంపు అన్నాడు. కుర్రవాడు చిన్నవాడు, భయపడ్డాడు, కత్తి దూయలేదు. దేవుడు గాని దూత గాని అతన్ని ఏమీ అనలేదు. తండ్రే లేచి చంపి, ఒంటెల మెడల్లోని చంద్రహారాలు తీసుకున్నాడు.